డ్రైవరు గంటలు ఎవరి లెక్కలో?



విశాఖపట్నంలో సరుకు ఎత్తుకుని కోల్‌కతా వెళ్లే లారీ వెంట ఈ-వే బిల్లు ఉంటుంది. యాభై వేల రూపాయలు దాటిన సరుకు రాష్ట్రం ఎల్ల దాటాలంటే 2018 ఏప్రిల్ 1 నుంచి అది ఉండి తీరాలి. దాని గడువు దూరాన్ని బట్టి పడుతుంది. 2021 జనవరి నుంచి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున లెక్క. విశాఖ నుంచి కోల్‌కతా సుమారు 880 కిలోమీటర్లు. అంటే ఆ సరుకు అక్కడికి చేరడానికి ఐదు రోజుల గడువుంది. బండి నడిపే మనిషికి మాత్రం లోడింగు దగ్గరే మాట వచ్చేస్తుంది: "ఎల్లుండి తెల్లారేసరికి గోడౌను దగ్గరుండాలి."

బస్తాలకు ఐదు రోజులు, మనిషికి రెండు రాత్రులు. ఈ తేడా గురించే ఈవేళ మాట్లాడదామనుకుంటున్నాను.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లకు లారీ సంగతులు చెప్పనక్కర్లేదు. పదహారో నంబరు జాతీయ రహదారి, పెద్దవాళ్ల నోట ఇప్పటికీ ఐదో నంబరు రోడ్డే, భోగాపురం, నాతవలస, రణస్థలం, ఎచ్చెర్ల మీదుగా వచ్చి నాగావళి దాటుతుంది, మడపాం దగ్గర వంశధార దాటుతుంది, టెక్కలి, పలాస, కంచిలి మీదుగా ఇచ్ఛాపురం చేరి ఒడిశాలో కలుస్తుంది. నాతవలస దగ్గర ఇంకో రోడ్డు చీలి విజయనగరం, గజపతినగరం, సాలూరు మీదుగా ఘాటెక్కి కొరాపుట్, జగదల్‌పూర్ దాటి రాయపూర్ పోతుంది. టెక్కలి గ్రానైటు రాళ్లు, పలాస జీడిపప్పు, పైడిభీమవరం మందుల కంపెనీల ట్యాంకర్లు, మిల్లుల బియ్యం, కొల్లేరు వైపు నుంచి హౌరా మార్కెట్టుకు పరుగెత్తే చేపల బళ్లు, అన్నిటికీ ఈ రోడ్లే గతి. సాలూరైతే లారీల మీదే పెరిగిన ఊరు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది గానీ, విజయనగరం వాళ్లకు లారీ అంటే ఇప్పటికీ సాలూరే గుర్తొస్తుంది. లారీకి బాడీ కట్టే షెడ్లు, పట్టాలు కుట్టే కొట్లు, స్ప్రింగు బద్దలు సాగగొట్టే కొలిమిలు, నలభై ఏళ్లు స్టీరింగు పట్టి ఇంటి అరుగు మీద కూర్చున్న పెద్దలు, అందరూ అక్కడున్నారు.

ఆ మధ్య నరసన్నపేట దాటాక ఒక టీ దుకాణం దగ్గర కొన్ని బళ్లు ఆగి ఉంటే నేనూ అక్కడే కూర్చున్నాను. సాలూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, టెక్కలి వైపు కుర్రాడొకడు, తన ఒక్క బండినీ తనే చూసుకుంటూ అవసరమైతే తనే నడుపుకునే ఓనరు ఒకాయన. మాట కెమెరా మీదికి వెళ్లింది. కుర్రాడు నడిపేది పెద్ద కంపెనీ బండి. కేబిన్‌లో రెండు కెమెరాలు పెట్టారట.

"ఒకటి రోడ్డు సూస్తాది మావా, ఇంకోటి నన్ను సూస్తాది. కళ్లు మూతలడినా, ఆవులించినా బీప్‌మంటాది."

"ఆవులిస్తే బీప్‌మంటాది, బాగుంది. బండాపి తొంగోమంటాదేటి?" అన్నాడు పెద్దాయన.

"తొంగోమనదు. ఆపీసుకి మెసేజి పంపుతాది. పొద్దున్న ఫోనొస్తాది, రాత్రి నిద్దరోతన్నావేటి అని."

ఓనరు ఊరుకోలేదు. "మీకు కెమెరా కనిపిస్తంది, నాకు వాయిదా కనిపిస్తంది. డీజిలు, టోలు, టైర్లు, ఇన్సూరెన్సు అన్నీ నానే కట్టాల. బండి ఎక్కడుందో సూసుకోపోతే ఎలాగ? నా బండి రాత్రంతా ఎక్కడో ఆగిపోతే ఆ కిరాయి ఎవడిస్తాడు?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. మన దేశంలో లారీల్లో ఎక్కువ భాగం ఇలాంటి చిన్న ఓనర్ల చేతుల్లోనే ఉన్నాయి. ఒకటో రెండో బళ్లు, నెల నెలా ఫైనాన్సు వాయిదా, కిరాయి ఎంతో చెప్పేది తను కాదు, మధ్యలో బ్రోకరు, ఆ పైన ట్రాన్స్‌పోర్టు కంపెనీ, ఆ పైన సరుకుగల ఆసామి. పైనుంచి తరిగి తరిగి వచ్చిన డబ్బే ఆయన చేతికొస్తుంది. ఆయన చేతి నుంచి డ్రైవరు చేతికి వెళ్లేటప్పుడు ఇంకా తరుగుతుంది.

కుర్రాడు అప్పుడు కేబిన్ ఎక్కి సన్‌షేడ్ వెనక నుంచి ఒక చిన్న డైరీ తీసి నా చేతికిచ్చాడు. ఏదో ఫైనాన్సు కంపెనీ కొత్త సంవత్సరానికి ఇచ్చినది. అట్ట మీద గ్రీజు వేలిముద్రలు. లోపల పెన్సిలుతో రాసుకున్నాడు. నాతవలస టోలు ఇంత టైము, మడపాం ఇంత, లక్ష్మీపురం ఇంత, బెల్లుపడ ఇంత. కొన్ని పేజీల్లో ఒకే ఊరి పేరు పైనుంచి కిందిదాకా ఉంది. ఫ్యాక్టరీ గేటు ముందు లోపలికి పిలిచేదాకా పడిగాపులు పడ్డ రోజులవి. ఎన్నింటికి చీటీ తీసుకున్నాడో, ఎన్నింటికి తూకం వేశారో, ఎన్నింటికి అన్‌లోడు మొదలైందో, అన్నీ ఉన్నాయి. ఎందుకు రాస్తున్నావని అడిగాను. ఇదివరకు పనిచేసిన చోట దారిలో ఎక్కువసేపు ఆగావని బత్తా కోసేశారట. గేటు దగ్గర ఆగిన టైమని చెబితే నమ్మలేదట. కంప్యూటర్లో బండి ఆగినట్టే ఉంది, ఎందుకాగిందో లేదు. అప్పటి నుంచి రాసుకుంటున్నాడు.

బండి ఆగినట్టు యంత్రానికి తెలుసు. ఆగిన కారణం డ్రైవరుకు తెలుసు. డబ్బు కోసేటప్పుడు మాత్రం యంత్రం మాటే చెల్లింది.

ఇప్పుడు లారీ మీద ఎన్ని లెక్కలున్నాయో చూడండి. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ లేని బండి టోలు గేటు దగ్గర ఎక్కువ కట్టాలి. ఏ బండి ఏ గేటు ఏ నిమిషానికి దాటిందో అందులో ఉంటుంది. నేషనల్ పర్మిట్ బళ్లకు ట్రాకింగు పరికరం ఉండాలని 2018లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. ఇంజను ఎప్పుడు ఆన్ చేశారు, ఎప్పుడు ఆపారు, ఎంత స్పీడు, ఓనరు ఫోనులో కనబడుతుంది. డీజిలు ట్యాంకులో సెన్సారు పెట్టేవాళ్లూ ఉన్నారు. సరుకు లెక్క జీఎస్టీ వాళ్ల దగ్గరుంది. బరువు లెక్క కాటా దగ్గరుంది, ఎక్కువైతే 20,000 రూపాయల జరిమానా, ఆ పైన టన్నుకు ఇంకో 2,000. ఇన్ని లెక్కల మధ్య, ఈ మనిషి ఎన్ని గంటల నుంచి స్టీరింగు మీద ఉన్నాడన్న లెక్క ఎవరి దగ్గరా లేదు. సమాచారం లేక కాదు. ఇంజను ఆన్, ఆఫ్ టైములు చూస్తే ఎవరైనా చెప్పగలరు. ఆ ప్రశ్న అడిగేవాళ్లు లేరు.

చట్టంలో మాత్రం ఆ ప్రశ్న ఎప్పటి నుంచో ఉంది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు అంది. దూరప్రయాణాలకు ముందే అనుమతి తీసుకుంటే రోజుకు పది, వారానికి 54. ఐదు గంటలు పనిచేశాక కనీసం అరగంట విశ్రాంతి. ఒక రోజు డ్యూటీ దిగాక మర్నాటి డ్యూటీ ఎక్కేలోపు వరసగా తొమ్మిది గంటలు. వారానికో సెలవు. పరిమితి దాటితే రెట్టింపు కూలి. ఈ పనిగంటలే లారీ నడిపేవాళ్లకూ వర్తిస్తాయని 1988 మోటారు వాహనాల చట్టం 91వ సెక్షన్ చెప్పింది. ఆ పాత చట్టాన్ని 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో కలిపేశారు. ఆ కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. ఎనిమిది గంటల పనిదినం, రెట్టింపు ఓవర్‌టైము అందులోనూ ఉన్నాయి. అరవై ఏళ్ల పైబడి ఉన్న మాట ఇది. టీ దుకాణం దగ్గర ఈ సంగతి చెబితే పెద్దాయన నా వైపు చూసి, "మా నాన్న కూడా డ్రైవరే బావూ, ఆయనకీ ఎవులూ సెప్పలేదు" అన్నాడు.

ఇప్పుడు మొదటి లెక్కకు వద్దాం. 880 కిలోమీటర్లు. నిండు లోడుతో, ఊళ్లూ టోళ్లూ దాటుకుంటూ గంటకు సగటున నలభై పడిందనుకుందాం. 22 గంటలు స్టీరింగు మీద ఉండాలి. చట్టం ప్రకారం ఒంటరి డ్రైవరుకు అది మూడు రోజుల పని. ఈ రాత్రి బయలుదేరి ఎల్లుండి తెల్లారేసరికి చేరమంటే అటూ ఇటూ 32 గంటలు. అందులో 22 పోగా మిగిలిన పదిలో తిండి, స్నానం, పంచరు, ఒడిశాలో కాగితాల తనిఖీ, వీటి మధ్యన నిద్ర. పూర్వం పక్కన క్లీనరు ఉండేవాడు. గేర్లు మార్చడం నేర్చుకుంటూ, అర్ధరాత్రి కబుర్లు చెబుతూ, డ్రైవరు కళ్లు వాలితే తట్టి లేపేవాడు. వాడే రేపటి డ్రైవరు. ఖర్చు తగ్గించుకోవడానికి క్లీనర్ని తీసేసిన బళ్లు ఇప్పుడు లెక్కలేనన్ని. డ్రైవర్లు దొరకడం లేదని ఓనర్లు అంటున్నారు. నేర్పే సీటు ఖాళీ చేశాక డ్రైవరు ఎక్కడి నుంచి వస్తాడు?

సేవ్ లైఫ్ ఫౌండేషన్ అనే సంస్థ 2020లో దేశంలోని పది నగరాల్లో లారీ డ్రైవర్లను అడిగి చూస్తే, ఒళ్లు అలిసినా, నిద్ర ముంచుకొస్తున్నా బండి నడుపుతూనే ఉంటామని దాదాపు సగం మంది చెప్పారు. మన పోలీసులకు ఈ సంగతి బాగా తెలుసు. అర్ధరాత్రి దాటాక హైవే మీద బళ్లు ఆపి, డ్రైవర్ని దింపి, నీళ్లిచ్చి మొహం కడుక్కోమంటారు. ఫేస్ వాష్ అండ్ గో అని దానికి పేరు. చలిలో నిలబడి ఆ పని చేసే కానిస్టేబుళ్లకు దండం పెట్టాలి, ఎన్ని ప్రాణాలు నిలిచాయో చెప్పలేం. కానీ మొహం కడుక్కుంటే వచ్చే మెలకువ ఎంతసేపు? మడపాంలో కడుక్కున్న మొహం కంచిలి దాకా కాయదు. ఆ మనిషికి కావలసింది చెంబుడు నీళ్లు కాదు, నాలుగు గంటల నిద్ర. ఆ నిద్రకు చోటు కావాలి, ఆ నిద్ర పోయినందుకు డబ్బు కోయని ఓనరు కావాలి.

డబ్బు సంగతి కాస్త వివరంగా చెబుతాను, అసలు కిటుకు అక్కడే ఉంది. మన వైపు డ్రైవర్లలో ఎక్కువమందికి కొద్దిపాటి నెలజీతం, మిగతాది బత్తా. బత్తా ట్రిప్పుకు. కొన్నిచోట్ల కిరాయిలో ఇంత శాతమని. ఇంకొన్నిచోట్ల డీజిలుకూ దారిఖర్చులకూ కలిపి ఒకే మొత్తం చేతిలో పెడతారు, మిగుల్చుకున్నది డ్రైవరుది. ఏ పద్ధతి చూసినా చక్రం తిరిగితేనే కూలి. గేటు ముందు రెండు రోజులు పడి ఉన్నా, తాళ్లు బిగించి పట్టా కప్పడానికి గంటన్నర పట్టినా, వానలో టైరు మార్చినా, రాత్రంతా డీజిలు దొంగల భయంతో సగం కన్ను తెరిచి పడుకున్నా, అదంతా పని కాదు. ఆ నష్టం పూడాలంటే ఒకటే దారి, నెలలో ఇంకో ట్రిప్పు కొట్టడం. ఇంకో ట్రిప్పు ఎక్కడి నుంచి వస్తుంది? నిద్రలోంచి వస్తుంది. డ్రైవరు ఆశపోతని, స్పీడు పిచ్చని తిట్టేవాళ్లు ఈ కూలి పద్ధతిని ఒక్కసారి చూడాలి.

ఎలక్ట్రానిక్ లెక్క మాత్రమే పెట్టి కూలి పద్ధతి ముట్టుకోకపోతే ఏమవుతుందో అమెరికా చూసింది. అక్కడ 2017 డిసెంబరు 18 నుంచి లారీల్లో పనిగంటలు నమోదు చేసే యంత్రం తప్పనిసరి. పది గంటలు విశ్రాంతి తీసుకున్నాక మొదలయ్యే 14 గంటల్లో 11 గంటలే నడపాలి. కాగితం లాగ్‌బుక్కులో తప్పుడు రాతలు పోయాయి, గంటల నిబంధన పాటించడం పెరిగింది. అయితే 2021లో ఒక పరిశోధన పత్రం ఇంకో సంగతి బయటపెట్టింది. ప్రమాదాలు తగ్గిన జాడ లేదు. చిన్న కంపెనీల డ్రైవర్లలో అతివేగం లాంటి తప్పులు పెరిగాయి. కారణం ఊహించడం కష్టం కాదు. అక్కడా చాలామందికి కూలి మైలుకు ఇంతని. గోదాము దగ్గర నాలుగు గంటలు కాచుకుంటే కూలి లేదు, యంత్రంలో 14 గంటల గడియారం మాత్రం ఆగదు. మిగిలిన గంటల్లోనే ఆ మైళ్లు కొట్టాలి. కాలు యాక్సిలరేటరు మీద ఇంకాస్త నొక్కుతుంది. మైకేల్ బెల్జర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త ఏళ్ల తరబడి ఇదే చెబుతూ వచ్చాడు, డ్రైవరు కూలి పెరిగితే ప్రమాదాలు తగ్గుతాయని.

యూరప్ ఇంకొంచెం తెలివిగా వెళ్లింది. నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగాలి, రోజుకు తొమ్మిది గంటలు, వారంలో రెండు రోజులు మాత్రం పది. ఇవి అందరూ చెప్పుకునేవే. నాకు నచ్చినవి రెండున్నాయి. మొదటిది, అక్కడ నమోదు బండికే కట్టి ఉండదు. డ్రైవరు పేరు మీద ఒక కార్డు ఉంటుంది, బండెక్కగానే యంత్రంలో పెడతాడు, దిగేటప్పుడు జేబులో వేసుకుంటాడు. అతని గంటలు అతని దగ్గర ఉంటాయి. రెండోది, 2006 నాటి వాళ్ల నిబంధనల్లో పదో అధికరణం ఒక మాట చెప్పింది. ఎంత దూరం వెళ్లావు, ఎంత సరుకు మోశావు అన్నదానికి ముడిపెట్టి ఇచ్చే కూలి రోడ్డు భద్రతకు చేటు చేసేలా ఉంటే, అలా ఇవ్వకూడదు. నిద్ర గురించి రాసిన చట్టంలోనే కూలి గురించి కూడా రాశారు. ఆ రెండూ ఒకటేనని వాళ్లకు అర్థమైంది.

మన దగ్గర 2021 సెప్టెంబరులో కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ, విమానం నడిపే పైలట్లకు ఉన్నట్టు లారీ డ్రైవర్లకూ గంటల పరిమితి ఉండాలని, నిద్రను పసిగట్టే సెన్సార్లు పెట్టాలని అన్నారు. మంచి మాట. కేబిన్‌లో ఏసీ ఉండాలన్న నిబంధన కూడా 2025లో కొత్త లారీలకు వచ్చింది. మే నెలలో ఇంజను వేడి పక్కన కూర్చున్నవాళ్లకు అది విలాసం కాదు. కానీ సెన్సారు ఎవరికి చెబుతుంది, చెప్పాక ఏం జరుగుతుంది అన్నది తేలకుండా సెన్సారు పెడితే, టెక్కలి కుర్రాడికి పొద్దున్నే వచ్చిన ఫోనే అందరికీ వస్తుంది.

బాధ్యత మాట కూడా చెప్పుకోవాలి. 2024 కొత్త సంవత్సరం మొదటి రెండు రోజుల్లో దేశమంతటా లారీలు ఆగిపోయి, పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరడం మీకు గుర్తుండే ఉంటుంది. భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ రెండో భాగం మీద వచ్చిన సమ్మె అది. ప్రమాదంలో మనిషి చనిపోతే, పోలీసులకు గానీ మేజిస్ట్రేటుకు గానీ చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల దాకా శిక్ష అన్నారు. జనవరి 2 రాత్రి ఢిల్లీలో చర్చలు జరిగాక సమ్మె సడలింది. ఆ ఏడాది జూలై 1న సంహిత అమలులోకి వచ్చినప్పుడు ఆ ఒక్క ఉపవిభాగాన్ని ఆపి ఉంచారు.

ఈ విషయంలో నా అభిప్రాయం దాచుకోను. గుద్ది పారిపోవడం ఘోరం. రోడ్డు మీద రక్తం కారుతున్న మనిషికి ఆ పావుగంటే ప్రాణం. చనిపోయినవాళ్లలో మన ఊరి సైకిలు మనుషులు, తెల్లవారుజామున కూరగాయల బుట్టలతో రోడ్డు దాటే ఆడవాళ్లు, డిపోకు నడిచి వెళ్లే కూలీలు ఎంతమందో. వాళ్ల ఇళ్లకు వెళ్లి ఓనరు మీద వాయిదా ఉందనీ డ్రైవరుకు నిద్ర లేదనీ చెబితే ఏమని వింటారు? అయితే మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్లో ఇంకో వాక్యం కూడా ఉంది. గాయపడినవాళ్లను ఆసుపత్రికి చేర్చడం డ్రైవరు విధి, జనం ఆగ్రహం వల్ల అది వీలుకాకపోతే తప్ప. ఆ మాట చట్టం రాసినవాళ్లు ఊరికే పెట్టలేదు. బండి దిగితే ప్రాణాలతో ఉంటామా అన్న భయం ప్రతి డ్రైవరుకూ ఉంది. అక్కడే ఉండి తన్నులు తినమని నేనూ చెప్పను. కిలోమీటరు అవతల ఆగి 108కి, 112కి ఫోను చేయొచ్చు. దగ్గర్లోని స్టేషనుకు వెళ్లి బండి తాళాలు బల్ల మీద పెట్టొచ్చు. అది చేయనివాడిని నేను సమర్థించలేను.

ఇంకొకటుంది. రాత్రిపూట హైవే మీదే బండి ఆపి, లైట్లు తీసేసి పడుకోవడం. వెనక నుంచి వచ్చే కారుకు అది నల్లగోడ. చోటు లేదు కదా అంటారు, నిజమే, లేదు. కానీ పార్కింగు లైటు వెయ్యడానికి, వెనక ఎర్రటి రిఫ్లెక్టరు త్రికోణం పెట్టడానికి చోటుతో పని లేదు. తాగి నడపడం, ఫోను చూస్తూ నడపడం, యూటర్ను దూరమని ఎదురు రూటులో రావడం, వీటికి కూడా ఎవరి ఒత్తిడీ సాకు కాదు. టీ దుకాణం దగ్గర ఈ మాట అంటే, మా వల్లే అన్నీ అవుతున్నాయా అని కుర్రాడు నొచ్చుకున్నాడు. పెద్దాయనే అడ్డొచ్చాడు. "నిద్దర మనది, బండి మనది, బ్రేకు మన కాలి కింద ఉంది. ఓనరు కేకలేస్తే ఏస్తాడు, నాను సాలూరు ఘాటు దిగేముందు కళ్లు బరువైతే బండాపేసీవోణ్ణి. సున్కి కాడే తొంగునీవోణ్ణి. ఒక బత్తా పోనాది, ఏటైనాది?"

నాకు ఆ మనిషి మీద గౌరవం పెరిగింది. కానీ ఆయన పద్ధతిని అందరి మీదా రుద్దలేం. బత్తా పోగొట్టుకుని నిలబడగలిగినవాడు నిలబడతాడు. ఇంట్లో పిల్లల ఫీజు కట్టాల్సిన నెలలో, పని పోతే ఇంకో బండి దొరకదన్న భయంతో ఉన్నవాడు నిలబడలేడు. డ్రైవరు బాధ్యతగా ఉండాలంటే, ఉన్నందుకు అతను నష్టపోకూడదు. ఎనిమిది గంటలు దాటాక బండి ఆపితే బత్తా కోయడం నేరం కావాలి. ఆపకుండా నడిపించినందుకు, ఎల్లుండికి కావాలన్న ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు, సరుకుగల ఆసామికి నోటీసు వెళ్లాలి. బరువు ఎక్కువైతే జరిమానా ఉన్నట్టే, గంటలు ఎక్కువైనా ఉండాలి.

అందుకే పనిగంటల యంత్రం వద్దని నేను అనను, రావాలి. అది చేసిన నమోదు ఓనరు ఫోనులో కనబడినట్టే డ్రైవరు ఫోనులోనూ కనబడాలి. గేటు దగ్గర కాచుకున్న గంట, లోడు కట్టిన గంట పనిగంటలుగా రాయాలి, రాసిన ప్రతి గంటకూ కూలి పడాలి. ఆ కాచుకున్న గంటల ఖర్చు ఓనరు నెత్తిన కాదు, కాచుకోబెట్టిన ఫ్యాక్టరీ ఇవ్వాలి. అప్పుడు చూడండి, గేట్లు ఎంత త్వరగా తెరుచుకుంటాయో. టీ దుకాణం దగ్గర కలిసిన లారీ ఓనరు కూడా దీనికి ఒప్పుకున్నాడు. కాచుకున్న గంటకు డబ్బొస్తే నాకూ వాయిదాకి సాయమే అన్నాడు. ఆ మధ్యాహ్నం ముగ్గురూ ఒప్పుకున్న మాట అదొక్కటే.

చోటు కూడా కావాలి. ఆగమని యంత్రం చెప్పాక ఆగడానికి చోటు లేకపోతే ఆ చట్టం డ్రైవర్ని హైవే అంచుకు నెట్టినట్టే. నాతవలస నుంచి ఇచ్ఛాపురం దాకా, విజయనగరం నుంచి ఘాటు మొదలు దాకా, వెలుతురు, కాపలా, స్నానానికి నీళ్లు ఉన్న లారీ నిలుపుదల స్థలాలు కావాలి. కాపలా అన్నది చిన్న విషయం కాదు. డీజిలు పోతుందన్న భయం ఉన్నచోట ఎవరికీ నిద్ర పట్టదు. మన పంచాయతీల ఆవరణలు, మార్కెట్ యార్డులు రాత్రిపూట ఖాళీగానే ఉంటాయి. నామమాత్రపు రుసుముతో గేటు తెరిస్తే చాలు, కేంద్రం నిధుల కోసం ఎదురుచూడక్కర్లేదు.

దారిలో మిగిలే గంటలు ఎటు పోతాయో ఇదివరకే ఒకసారి చూశాం. ఇచ్ఛాపురం వాళ్లకు పురుషోత్తపురం చెక్‌పోస్టు దగ్గర బళ్ల బారులు గుర్తున్నాయి. గంటల తరబడి క్యూ. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి వాణిజ్య పన్నుల తనిఖీలు ఎత్తేశాక ఆ క్యూ కరిగిపోయింది. అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. ఆ క్యూలోనే కాసేపు కునుకు తీసిన డ్రైవర్లు, ఆ గంటలు ఏమయ్యాయని అడిగితే, అవీ ట్రిప్పులోకే వెళ్లాయని చెబుతారు. వ్యవధి కుదించారు, కూలి పెంచలేదు.

ఇప్పుడు రాయపూర్ నుంచి విశాఖకు ఆరు వరసల కొత్త రోడ్డు వేస్తున్నారు. 464 కిలోమీటర్లు. మన రాష్ట్రంలోని భాగానికి 2022 నవంబరులో ప్రధాని విశాఖలో శంకుస్థాపన చేశారు. పాత దారి కంటే సుమారు 130 కిలోమీటర్లు తగ్గుతుంది, సాలూరు ఘాటు మలుపులు తప్పుతాయి. ఒక్కో ట్రిప్పుకు కొన్ని గంటలు మిగులుతాయి. ఆ గంటలు డ్రైవరు నిద్రలోకి వెళ్తాయా, ఇంకో ట్రిప్పులోకి వెళ్తాయా అన్నది రోడ్డు వేసే కంపెనీ తేల్చదు. సాలూరు, విజయనగరం, టెక్కలి డ్రైవర్లూ, ఓనర్ల సంఘాలూ, కార్మిక శాఖ అధికారులూ ఒకచోట కూర్చుని ఆ రోడ్డు తెరవకముందే తేల్చుకోవలసిన విషయం అది.